అంతా ఓకే అని రాసింది మేమే

పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో, దేవుడి పటం కింద, పాత ఇనప బీరువా పక్కన ఒక సర్వర్ ఉంది. మిషన్ లేచినప్పుడల్లా కాటా ప్రోగ్రాం దానంతటదే మొదలయ్యేలా నేనొక స్క్రిప్టు రాశాను. నలభై లైన్లుంటుంది. ఆఖరి లైను చేసే పని ఒక్కటే: తెర మీద ‘ఓకే’ అని చూపించడం. పై లైన్లలో ఏం జరిగినా అది నడిచి తీరుతుంది. డేటాబేసు లేవకపోయినా ఓకే. కాటా నుంచి తూకం రాకపోయినా ఓకే. షెల్ స్క్రిప్టు గట్టెక్కిందా లేదా అన్నది దాని ఆఖరి ఆజ్ఞను బట్టి తేలుతుంది. ‘ఓకే’ అని చూపించే ఆజ్ఞ తప్పడమంటూ దాదాపు ఉండదు. అంచేత మనుషులే కాదు, మిషన్ కూడా ఆ మాట నమ్మింది.

ఇలాంటి లైను రాసింది నేనొక్కణ్నే కాదు. అది మా అయిదుగురి అలవాటు. శ్రీకాకుళం నుంచి బొబ్బిలి దాకా మేం పెట్టిన ప్రతి సర్వర్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. తప్పంతా నాదేనని నెత్తినేసుకుని పెద్దమనిషి అనిపించుకోను. అందరిదీ అని చెప్పి నా వాటా తగ్గించుకోను కూడా.

మాది విజయనగరం చుట్టుపక్కల ఒక ఇంజినీరింగు కాలేజీలో ఒకే బ్యాచి. 2007లో బయటపడ్డాం. హాస్టల్లో ‘లినక్స్ ఫర్ యూ’ పత్రిక కొనేది వ్యాసాల కోసం కాదు, దాంతో వచ్చే సీడీ కోసం. చదువుకన్నా ఆ సీడీలే మాకు ఎక్కువ నేర్పాయి. సరిగ్గా ఆ ఏడాదే సెంట్‌ఓఎస్ 5 వచ్చింది. లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు, పాత డబ్బా మీదైనా నడుస్తుంది, వైరస్ గోల ఉండదు. ఈ మూడు మాటలు పట్టుకుని ఊళ్ల మీద పడ్డాం. శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రి, విజయనగరంలో ఒక గోగునార వ్యాపారి, బొబ్బిలిలో ఒక స్కూలు, ఈ జీడిపప్పు ఫ్యాక్టరీ. సర్వర్ పెట్టి, లెక్కల ప్రోగ్రాం ఎక్కించి, మూడు నాలుగు వేలు పుచ్చుకునేవాళ్లం.

‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ఆడింది మా విజయనగరంలోనే. గిరీశం వెంకటేశాన్ని ఇంగ్లీషు మాటలతో ఎలా ఊదరగొట్టాడో మేం షావుకార్లని యునిక్స్ మాటలతో అలాగే ఊదరగొట్టాం. ‘డీమన్’, ‘కెర్నెల్’, ‘రన్‌లెవెల్’ అంటే వాళ్లు తలూపేవారు. ఎదురడిగేవాళ్లు లేరు గనక దేన్నీ కాగితం మీద పెట్టలేదు. ఏ లైను ఎందుకు రాశామో రాసిన వాడి బుర్రలో ఉంటే చాలనుకున్నాం. ఆ బుర్ర ఏ ఊరు వెళ్తుందో అప్పటికి మాకే తెలియదు.

మిషన్ ఎలా లేస్తుందో కొంచెం చెప్పకపోతే మా తప్పు ఎక్కడుందో అర్థం కాదు. కరెంటు రాగానే ముందు కెర్నెల్ లేస్తుంది. అది మొట్టమొదట ఒక ప్రోగ్రామును నడిపిస్తుంది. దాని నంబరు 1. తక్కినవాటినన్నిటినీ లేపే పూచీ ఆ ఒకటో నంబరుది. ఏటీ అండ్ టీ వాళ్లు 1983లో యునిక్స్ సిస్టమ్ ఫైవ్ తెచ్చారు. ఆ పద్ధతే లినక్స్‌లో చాలా ఏళ్లు సాగింది. ఒక్కో సర్వీసుకు ఒక్కో స్క్రిప్టు, పేరులో ఒక అంకె, ఆ అంకెల వరుసలో ఒకదాని తర్వాత ఒకటి. అన్నీ అయ్యాక చిట్టచివర నడిచే ఫైలు ఇంకొకటి ఉండేది: ఆర్సీ డాట్ లోకల్. ప్రతి ఇంటికీ అటక ఉన్నట్టు ప్రతి సర్వర్‌కీ అది. ఎక్కడ పెట్టాలో తోచనిదల్లా అక్కడ పడేయొచ్చు.

ఆ అటకని మేం నింపేశాం. కాటా దగ్గరున్న కంప్యూటరు కోసం సర్వర్‌కి ఇచ్చిన రెండో ఐపీ అడ్రసు అందులోనే. ప్రింటరుకి దారి చూపే లైను అందులోనే. కాటా ప్రోగ్రాంకి మాత్రం మర్యాదగా వేరే స్క్రిప్టు రాసి, 99 అంకె ఇచ్చి వరుసలో వెనక్కి నెట్టాం. అయినా కరెంటు తటాలున పోయి వచ్చినప్పుడు డేటాబేసు తేరుకోవడానికి టైము పట్టేది. ఈలోగా కాటా ప్రోగ్రాం లేచి, డేటాబేసు కనబడక పడిపోయేది. దానికి మేం వేసిన మందు ‘స్లీప్ 60’. అరవై సెకన్లు పడుకో అని. డేటాబేసు లేచిందో లేదో అడగడం కాదిది, లేచే ఉంటుందిలే అనుకోవడం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. మా రెండు జిల్లాల్లోనూ చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. తర్వాత వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఆ రాకపోకల్లోనే ఫ్యాక్టరీలో పాత డబ్బా కాలిపోయింది. 2015 మొదట్లో కొత్త సర్వర్ కొన్నారు. దాని మీద సెంట్‌ఓఎస్ 7 వేశాం.

అప్పటికి ఒకటో నంబరు మారిపోయింది. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డి 2010లో లోకానికి తెలిసింది. 2011లో ఫెడోరాలోకి, 2014లో రెడ్‌హ్యాట్ 7లోకి, దాని వెంట సెంట్‌ఓఎస్ 7లోకి వచ్చింది. అంకెల వరుస పోయింది. దేనికి ఏది కావాలో చెబితే వరుస అదే కట్టుకుంటుంది. పాత స్క్రిప్టుల మీద జాలితో, వాటిని కూడా ఎలాగోలా నడిపే ఏర్పాటు ఒకటి ఉంచారు. మేం దీని గురించి ఒక్క పేజీ చదవలేదు. ఒక ఆదివారం పూట వెళ్లి, పాత డిస్కులోని స్క్రిప్టులన్నీ తెచ్చి కొత్త మిషన్‌లో గుమ్మరించాం. కొత్త ఆర్సీ డాట్ లోకల్ ఫైలు పైనే రాసి ఉంది: ఇది పాతవాటి కోసం మాత్రమే ఉంచాం, సొంత సర్వీసు రాసుకోవడం మేలు, ఇదే కావాలంటే దీనికి నడిచే అనుమతి ఇవ్వండి అని. ఆ వరుసల మీదే మా పాత వరుసలు అతికించాం. అనుమతి ఇవ్వలేదు.

తర్వాత ఒక్కొక్కటీ చేత్తో లేపాం. డేటాబేసు పేరు మారి మారియాడీబీ అయింది. దాన్ని ‘స్టార్ట్’ చేశాం గాని ‘ఎనేబుల్’ చేయలేదు. ‘స్టార్ట్’ అంటే ఇప్పుడు లే అని. ‘ఎనేబుల్’ అంటే మిషన్ లేచినప్పుడల్లా నువ్వూ లే అని. ఈ రెంటికీ తేడా తెలియనంత పసివాళ్లం కాదు. తొందర. అన్నీ నడిచాయి, తూకం తెర మీద కనబడింది, షావుకారు సంబరపడ్డాడు. మిషన్ ఒక్కసారి ఆపి, మళ్లీ వేసి చూద్దామని అక్కడ ఎవరైనా అన్నారో లేదో నాకు గుర్తు లేదు. చాలా కాలం ఈ మాటే చెప్పుకున్నాను.

ఆ తర్వాత మూడున్నరేళ్లు ఆ సర్వర్ ఆగలేదు. యూపీఎస్ ఉంది, జనరేటరు ఉంది. వెయ్యి రోజులు దాటినప్పుడు అప్‌టైమ్ ఫొటో తీసి మా అయిదుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. ఆగకుండా నడవడం గొప్ప అనుకున్నాం. ఆగితే లేవగలదా అని ఒక్కడూ అడగలేదు.

2018 అక్టోబరు 11, గురువారం. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో తరాల నాటి కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు వాలిపోయాయి. ఫోన్లు మూగబోయాయి. ఫ్యాక్టరీలో జనరేటరు డీజిలు అయ్యేదాకా నడిచి ఆగింది. దాంతో సర్వర్ కూడా ఆగింది. మళ్లీ డీజిలు దొరికి స్విచ్ వేస్తే దీపాలు వెలిగాయి, ఫ్యాను తిరిగింది. లోపల ఒక్కటీ పని చేయలేదు.

ఆ సర్వర్లో షావుకారు లాభనష్టాలు మాత్రమే ఉంటే నేనింత రాసుకునేవాణ్ని కాను. అక్కడ జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లు వందమంది దాకా ఉంటారు. సాయంత్రం ఎవరి పప్పు వాళ్లు కాటా మీద పెడతారు. ఆ తూకమే వాళ్ల కూలి. వారం తూకాలన్నీ కలిపి శనివారం బట్వాడా. తుపాను గురువారం వచ్చింది. ఇళ్ల కప్పులు ఎగిరిపోయిన మనుషులు శనివారం ఫ్యాక్టరీ గేటు ముందుకొచ్చి నిలబడ్డారు. చేతిలో రూపాయి అవసరం బతుకులో ఎన్నడూ లేనంతగా ఉన్న రోజది. ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పాల్సిన మిషన్ మా స్క్రిప్టుల చేతిలో ఉంది.

నేను సోమవారం చేరాను. విశాఖ నుంచి టెక్కలి దాకా బస్సు, అక్కడి నుంచి తెలిసినవాడి బండి మీద, పడిపోయిన చెట్ల పక్కనుంచి. గేటు దగ్గరే గుమస్తాగారు ఎదురొచ్చారు.

“ఇప్పటికొచ్చినారా బాబూ. మిషను లేచింది గానీ ఏటీ సెయ్యట్నేదు. ఆడోలికి బట్వాడా ఆగిపోనాది.”

వెళ్లి కూర్చుని కాటా సర్వీసు ఎలా ఉందని అడిగాను. పచ్చటి అక్షరాల్లో జవాబు వచ్చింది: యాక్టివ్. పక్కన బ్రాకెట్లో ఎగ్జిటెడ్. పచ్చరంగు చూశాను, బ్రాకెట్టు చూడలేదు. ప్రోగ్రాం బాగానే ఉంది, లోపం తీగలో ఉందనుకున్నాను. కాటా నుంచి సర్వర్‌కి వచ్చే సీరియల్ కేబులు విప్పాను, తుడిచాను, మార్చాను. పోర్టు మార్చాను. రెండు గంటలు. వరండాలో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకావిడ ఒళ్లో పిల్ల నిద్రపోతోంది.

చివరికి నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తీసి చూస్తే అందులో కాటా ప్రోగ్రామే లేదు. అప్పుడు ఆ బ్రాకెట్టు అర్థమైంది. పాత స్క్రిప్టు ఏదైనా తగిలితే సిస్టమ్‌డి దాన్ని నడిపి, అది ‘సక్రమం’ అని ఫలితం ఇస్తే నమ్మి, పచ్చగా రాసుకుంటుంది. ఆ తర్వాత ప్రోగ్రాం ఉందా చచ్చిందా అని చూసుకోవాలంటే దాని నంబరు ఏ ఫైల్లో ఉంటుందో స్క్రిప్టు ముందుగా చెప్పాలి. మేం చెప్పలేదు. మా స్క్రిప్టు అరవై సెకన్లు పడుకుని, కాటా ప్రోగ్రాంని లేపి, అది వెంటనే పడిపోతే చూడకుండా, చివర్న ఓకే అంది. కొత్త మిషన్ మా మాట తీసుకుని మాకే తిరిగి చెప్పింది. అబద్ధం దానిది కాదు.

ఆపైన ఒక్కొక్క పొరా ఊడింది. డేటాబేసు లేవలేదు, ఎందుకంటే లేవమని మేం చెప్పలేదు. కాటా ప్రోగ్రాం తన నంబరు రాసుకునే ఫోల్డరు లేదు. సెంట్‌ఓఎస్ 7లో ఆ చోటు డిస్కు మీద కాదు, మెమరీలో ఉంటుంది. మిషన్ ఆగితే తుడిచిపెట్టుకుపోతుంది. 2015లో చేత్తో చేసిన ఫోల్డరు మూడున్నరేళ్లు ఉంది, తిత్లీతో పోయింది. అటక మీది లైన్లకు నడిచే అనుమతి లేదు. ఉన్నా లాభం లేదు. అవి ఈత్ జీరో అనే నెట్‌వర్కు కార్డుకి అడ్రసు పెట్టమంటున్నాయి. కొత్త పద్ధతిలో ఆ కార్డు పేరే వేరు. అడ్రసు పెట్టే ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే పాత పనిముట్టు ఆ మిషన్‌లో లేనే లేదు. మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది? 2015 ఆదివారం నాడు మాలో ఎవడో కొత్త ఆజ్ఞతో ఆ అడ్రసు చేత్తో పెట్టి, ఎక్కడా రాయకుండా లేచిపోయాడు. ఎవడో అంటున్నాను గాని నేనే అయ్యుండొచ్చు.

ఆ రెండో అడ్రసు అంకెలేమిటో నాకు గుర్తు లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఫోను చేస్తే బెంగళూరు వాడికి తెలుస్తుందన్నాడు. బెంగళూరు వాడు అమెరికా వాడి పేరు చెప్పాడు. అక్కడ అర్ధరాత్రి. అయిదోవాడు ఈ పనులు మానేసి రాజాంలో బట్టల కొట్టు చూసుకుంటున్నాడు. “అదంతా నువ్వే చూశావు కదరా” అన్నాడు. మాలో ప్రతివాడూ ఇంకొకడికి తెలుసనే ధైర్యంతో ఇన్నేళ్లు బతికాడు.

అప్పుడు గుమస్తాగారు బీరువా తీసి ఒక పొడుగాటి పుస్తకం తెచ్చారు. ఎర్ర గుడ్డ అట్ట, జీడిపిక్కల బస్తాల లెక్కలు రాసుకునే చిట్టా లాంటిదే. మిషన్ కోసం విడిగా పెట్టారట. “ఇందులో ఉంటాదేమో సూడండి” అన్నారు.

“2012 జూన్. కరెంటు పోయి వచ్చింది. బాబుకి ఫోను. రెండు నిమిషాలు ఆగి మళ్లీ కాటా నొక్కమన్నాడు. పని చేసింది.”

“2013 అక్టోబరు. తుపాను. బాబు ఓకే అన్నాడు. కాటా రాలేదు. ఇంకో బాబుకి ఫోను. ఈ అంకెలు కొట్టించాడు.” కింద చుక్కలతో సహా ఆ అడ్రసు ఉంది.

“2015. కొత్త మిషను. నలుగురు బాబులు వచ్చారు. అంతా ఓకే అన్నారు. ఒకసారి ఆపి చూపించమన్నాను. అక్కర్లేదన్నారు.”

పేజీ తిప్పలేకపోయాను. ఆపి చూద్దామన్న మాట వచ్చిందో లేదో గుర్తు లేదని మూడేళ్లు చెప్పుకున్నాను. మాట వచ్చింది. అన్నది మాలో ఎవరూ కాదు, కంప్యూటరు చదువు చదవని మనిషి. కొట్లో కాటా కొన్నప్పుడు రాయి పెట్టి తూచి చూసుకునే తెలివి అది. మాకు ఇంజినీరింగు పట్టాలున్నాయి, ఆ తెలివి లేదు.

లెక్కల భాషలో చిట్టా అంటే రోజూ జరిగింది జరిగినట్టు వరుసగా రాసుకునే పుస్తకం. ఇంగ్లీషులో దాన్నే జర్నల్ అంటారు. సిస్టమ్‌డి కూడా తన చిట్టాకి అదే పేరు పెట్టుకుంది. ఏ సర్వీసు ఎప్పుడు లేచిందో, ఎందుకు పడిందో అన్నీ అందులో ఉంటాయి. కానీ సెంట్‌ఓఎస్ 7లో ఆ చిట్టాకి డిస్కు మీద ఫోల్డరు చేసి పెట్టకపోతే అది మెమరీలోనే ఉండి, మిషన్ ఆగినప్పుడల్లా పోతుంది. మేం ఆ ఫోల్డరు చేయలేదు. దానికి పట్టేది ఒకే ఒక్క ఆజ్ఞ. జీడి కొట్టు గుమస్తా పన్నెండులో మొదలుపెట్టిన చిట్టా పదిలంగా ఉంది. ఇంజినీర్ల చిట్టా గాలికి పోయింది.

గుమస్తాగారి అంకెలతో అడ్రసు పెట్టి, డేటాబేసు లేపాను. లోపల బుధవారం దాకా తూకాలు భద్రంగా ఉన్నాయి. ఆ రాత్రి బట్వాడా జరిగింది, రెండు రోజులు ఆలస్యంగా. శనివారం నాడు గుమస్తాగారు ఊహ లెక్క మీద తలా కొంత ఇచ్చి వేలిముద్రలు వేయించుకున్నారట. లేకపోతే ఆ రెండు రోజులు వాళ్లకెలా గడిచేవో.

ఇక్కడితో బుద్ధి వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. ఆ రాత్రి నేను చేసింది ఇది. డేటాబేసుని ఎనేబుల్ చేశాను. అటక ఫైలుకి నడిచే అనుమతి ఇచ్చి, ఫోల్డరు చేసే లైను, అడ్రసు లైను, కాటాని మళ్లీ లేపే లైను అందులో పడేశాను. ‘స్లీప్ 60’ని ‘స్లీప్ 120’ చేశాను. ఒకసారి ఆపి వేస్తే లేచింది. తిరుగు బస్సెక్కాను. చివరి ఓకే లైను అలాగే ఉంది. గండి పడిన చోట గడ్డి కుక్కి, కట్ట మీద నిలబడి ఫొటో దిగినట్టు.

తర్వాత మా గ్రూపులో తిట్ల వాన. మమ్మల్ని మేం కాదు, సిస్టమ్‌డిని. పాతదే బంగారమట, చదివి అర్థం చేసుకోగల స్క్రిప్టులు తీసేసి నెత్తి మీద కొండ పెట్టారట. ఆ గొడవ మాకన్నా ముందే ప్రపంచమంతా జరిగింది. 2014లో డెబియన్ వాళ్లు దాని మీద రెండుగా చీలి, ఒప్పుకోనివాళ్లు దేవువన్ అని వేరుకాపురం పెట్టారు. సిస్టమ్‌డి మరీ ఎక్కువ పనులు నెత్తినేసుకుందన్న వాదనలో పస ఉంది. అది ఆ పని తెలిసినవాళ్లు అనదగ్గ మాట. మేం ఆ మాట అరువు తెచ్చుకుని మా బద్ధకానికి కప్పాం. చదివి అర్థం చేసుకోగల స్క్రిప్టులని పొగిడినవాళ్లం మా స్క్రిప్టు మేమే చదవలేదు. మమ్మల్ని పట్టించిందని సిస్టమ్‌డి మీద కోపం వచ్చిందంతే.

మాలో ఒకడు అమీర్‌పేటలో లినక్స్ పాఠాలు చెప్పాడు. 2019 దాకా బోర్డు మీద రన్‌లెవెళ్లు రాస్తూనే ఉన్నాడు. సున్నా అంటే ఆపు, మూడు అంటే తెర లేకుండా, అయిదు అంటే తెరతో, ఆరు అంటే మళ్లీ లేపు. ఇంటర్వ్యూల్లో అదే అడుగుతారు, అదే చెప్పాలి అనేవాడు. తప్పు కాదు. కానీ అతని బ్యాచుల్లోంచి వందల మంది పిల్లలు వెళ్లారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం పిల్లలూ ఉన్నారు. ఆరు అంటే మళ్లీ లేపడమని అందరికీ నోటికి వచ్చు. లేపి, పక్కన కూర్చుని, ఏది లేచింది ఏది లేవలేదు అని చూడ్డం అతను నేర్పలేదు. అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన నలుగురం మేమే.

నేర్చుకోవడానికి అమీర్‌పేట దాకా పోనక్కర్లేదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను. పొడుగాటి చింతమాను చివర పీట మీద పూజారి కూర్చుంటాడు. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు. సిరిమాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడవాలి. లక్షల జనంలో అంత మానుని ‘అరవై సెకన్లాగి కదపండి’ అనే వెర్రివాడు ఉండడు. ముందు కదలాల్సినవి కదిలాయా అని కళ్లతో చూసి కదుపుతారు. సిస్టమ్‌డిలో ‘ఆఫ్టర్’, ‘రిక్వైర్స్’ అని రాసే రెండు లైన్ల పని అదే: ఫలానాది లేచాకే నేను, అది లేకపోతే నేనూ లేను. చిన్నప్పటి నుంచి నాన్న భుజాలెక్కి చూసిన క్రమమే. దాన్ని చూస్తూ పెరిగి స్లీప్ 60 రాశాం.

2024 జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7కి గడువు తీరింది. ఇక దానికి మరమ్మతులు రావు. ఫ్యాక్టరీ సర్వర్ని ఆల్మాలినక్స్ 9కి మార్చాల్సి వచ్చింది. అందులో పాత నెట్‌వర్కు స్క్రిప్టులు లేవు. కాటా ప్రోగ్రాం రాసిన పైథాన్ 2 కూడా లేదు. దాని గడువు 2020 జనవరి 1తోనే ముగిసింది. ఈసారి కాపీ చేయడానికి కూడా దారి లేదు. బుద్ధి వచ్చి కాదు, దారి మూసుకుపోయి సరిగ్గా చేశాం. ఇది కూడా ఒప్పుకోవాలి.

అయిదుగురం ఒక రాత్రి వీడియోలో కూర్చుని అటక దింపాం. ప్రతి లైనుకీ ఇది ఎందుకు అని అడుక్కున్నాం. ఇరవై ఏడు లైన్లు. పదకొండు ఎందుకో తెలిసింది. తొమ్మిదింటి అవసరం ఎప్పుడో తీరిపోయింది. అయిదు ఎవరో ఎక్కణ్నుంచో తెచ్చి అతికించినవి. ఇంకొకటి సీరియల్ పోర్టుకి అందరికీ అనుమతి ఇచ్చే లైను. “కొత్తదానికి అక్కర్లేదులే” అన్నాను, కొట్టేశాం. మిగిలింది ఒకటి. ఇప్పుడు లేని ఏదో ఆఫీసు నెట్‌వర్కుకి దారి చూపే లైను. అది తీసేస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. దాన్ని తీసే ధైర్యం కూడా ఎవరికీ లేదు. ఉంచాం.

నలభై లైన్ల కాటా స్క్రిప్టు పద్నాలుగు లైన్ల సర్వీసు ఫైలు అయింది. ఫోల్డరు అదే చేసుకుంటుంది. డేటాబేసు లేచాకే లేస్తుంది. పడిపోతే మళ్లీ లేస్తుంది. అన్ని అధికారాలూ ఉన్న రూట్ పేరుతో కాక తన సొంత పేరుతో నడుస్తుంది. ఓకే అని చెప్పే లైను లేదు. చెప్పాల్సింది మేం కాదు, ప్రోగ్రాం నడక.

నేను పలాస వెళ్లాను. గుమస్తాగారికి చూపు తగ్గింది. పుస్తకం అదే. ఎక్కించడం అయ్యాక అలవాటుగా అడిగారు, “మరి ఓకేనా బాబూ?”

నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. “ఆపి చూపిస్తాను గుమస్తాగారూ.”

యూపీఎస్ తీగ లాగాను. పది నిమిషాలు టీ తాగాం. మళ్లీ పెట్టాను. కాటా సర్వీసు దగ్గర ఈసారి ఎర్రటి అక్షరాలు: ఫెయిల్డ్. చిట్టా తీసి చూస్తే కారణం ఒక్క లైన్లో ఉంది. కాటా ప్రోగ్రాంకి సీరియల్ పోర్టు తెరిచే అనుమతి లేదు. అక్కర్లేదులే అని నేను కొట్టేయించిన లైను చేసిన పని అదే. ఇన్నాళ్లూ రూట్‌గా నడిచింది కాబట్టి ఆ లైను విలువ తెలియలేదు. పోర్టు తెరవగలిగే గుంపులో దాని పేరు చేర్చి, మళ్లీ తీగ లాగాను. తిత్లీ నాడు రెండు గంటలు కేబులు తుడిచిన చోట ఈసారి పట్టింది రెండు నిమిషాలు. రెండోసారి లేచింది. వరండాలో ఎవరో పప్పు గంప కాటా మీద పెట్టారు. తూకం వచ్చింది.

పుస్తకం అడిగి తీసుకుని, తెలియని ఆ లైను గురించి రాశాను: “ఒక దారి లైను ఉంచాం. ఎందుకుందో మాకు తెలియదు. రాసింది మాలోనే ఎవరో.” కింద అయిదుగురి పేర్లూ పెట్టాను.

గుమస్తాగారు పుస్తకం కళ్ల దగ్గరగా పట్టుకుని చదువుకున్నారు. కళ్లజోడు సర్దుకుని, నా రాత కింద తన చేత్తో రాశారు:

“బాబు వచ్చాడు. ఆపి చూపించాడు. మొదటిసారి లేవలేదు. రెండోసారి లేచింది.”

ఆ పేజీలో ఓకే అన్న మాట లేదు.